వేయని చుక్కకు పెట్టిన బొట్టు

మధ్యాహ్నం గంట ఇంకా కొట్టలేదు. చిన్నతాయి అప్పుడే పలకను సంచిలో పెట్టేసింది.

బడిపంతులు పొన్నయ్య వాత్యారు చూసి కూడా ఆపలేదు. నాలుగో తరగతిలో గంట కంటే ముందు లేచి వెళ్ళే అనుమతి ఉన్నది ఆ పిల్ల ఒక్కదానికే.

"పో తాయీ. మీ అవ్వ కంట్లో చుక్క వేసి, కూడు తిని రా. నెర్రెల్లో కాలు పెట్టుకోకు," అన్నారాయన.

వెనక వరసలోంచి పూంగొడి గొణిగింది. "మా అవ్వకు కండ్లు బాగుండాయి. నాకే అదృష్టం లేదు."

చిన్నతాయి నవ్వు ఆపుకుంటూ బయటికి పరుగెత్తింది.

తమిళనాట వానలకు ముందొచ్చే పురట్టాసి నెల ఎండ. వాన జాడ లేదు. నల్లనేల దాహంతో నోళ్ళు తెరిచినట్టు అడుగడుగునా నెర్రెలు విచ్చింది. పాదం పట్టేంత నెర్రెలు కొన్ని, చెయ్యి మోచేతి దాకా దిగేవి కొన్ని. వాటి మీదుగా గెంతుతూ వెళ్ళడమంటే చిన్నతాయికి ఎంతో సరదా. బడి నుంచి ఇంటికి నలభై మూడు గెంతులు. నిన్న నలభై నాలుగు. ఒక గెంతు మిగిలినందుకు ఆమెకు పండగలా ఉంది.

అవ్వ తిన్నె మీద కూర్చుని ఉంది. ముందర చేటనిండా పత్తి గింజలు. ఆవిడ పేరు వెళ్ళైయమ్మాళ్. కోవిల్‌పట్టి చుట్టుపక్కల పల్లెల్లో ఆ పేరు తెలియని రైతు లేడు. ఆవిడ ఏరిన గింజ మొలవకుండా ఉండదని అందరికీ నమ్మకం. పుచ్చు గింజ, తాలు గింజ, పగిలిన గింజ, అన్నీ ఆవిడ వేళ్ళ మధ్య నుంచి పక్కకు ఎగిరిపోతాయి. మంచివి మాత్రం బుట్టలో పడతాయి. వాటికి పేడ, మన్ను పట్టించి ఆరబెడితే విత్తనం తయారైనట్టే.

కానీ అవ్వ ఎడమ కన్ను రెండేళ్ళ కిందటే ఆరిపోయింది. ఇప్పుడు కుడి కన్ను కూడా మసకబారుతోందని, చిన్నతాయి నాయన లక్ష్మణసామి ఆమెను రైల్లో విరుదునగర్ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఎనిమిది రోజుల కిందటి మాట అది.

"ఇది నీటికాసుల జబ్బు," అన్నారు డాక్టరు రామచంద్రన్. "కంటి లోపల నీరు నిలిచిపోయి ఒత్తిడి పెరుగుతోంది. ఈ చుక్కల మందు పోయిన చూపును తీసుకురాదు. ఉన్న చూపును కాపాడుతుంది. రోజుకు మూడుసార్లు వేయండి. ఒక్క పూట కూడా తప్పకూడదు. దీపం చుట్టూ రంగుల వలయం కనిపించినా, తలనొప్పి వచ్చినా వెంటనే రండి."

చుక్కలు ఎవరు వేయాలన్నది ఇంట్లో పెద్ద చర్చ అయింది. అమ్మ బొమ్మక్క చేతులు పత్తి ఏరి ఏరి పగిలిపోయాయి. నాయన చేతికి చుక్కలు వేసే ఆ చిన్న గాజు గొట్టం నిలవదు. చిన్నతాయి ముగ్గు పెడితే మాత్రం చుక్క చుక్కకూ మధ్య దూరం కొలిచినట్టు ఉంటుంది. అంత కుదురైన చెయ్యి.

"ఈ పని నీదే," అంది అమ్మ.

అమ్మకు చదువు రాదు. పొలానికి ఎన్ని బండ్ల ఎరువు తోలారో కూడా గోడ మీద సున్నపు బొట్లు పెట్టి గుర్తుంచుకుంటుంది. అవ్వ మందుకూ అదే పద్ధతి పెట్టింది. తిన్నె వెనక మట్టిగోడ మీద రోజుకొక వరస. పొద్దున ఒక బొట్టు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. పొలం నుంచి రాగానే అమ్మ మొదట గోడ చూస్తుంది. ఆ తర్వాతే కాళ్ళు కడుక్కుంటుంది.

చిన్నతాయి గూట్లోంచి గోధుమరంగు సీసా తీసింది. "అవ్వా, తల ఎత్తు."

అవ్వ తల ఎత్తలేదు.

"చిన్నతాయీ, ఈ పూట వద్దులే."

"ఎట్ల వద్దంటావు? అమ్మ గోడ చూస్తాది."

"గోడ మీద ఉండేది బొట్టే గదా. చుక్క కాదే."

చిన్నతాయికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

"అది వేస్తే భగ్గున మండుతాది," అంది అవ్వ. "నొసలు బరువెక్కుతాది. ఆ మీదట పట్టపగలే చీకటి. గింజ గింజగా కనబడదు, బూడిదలాగ కనబడతాది. వాన వచ్చేలోపల ఇవన్నీ ఏరాలి. మీ నాయన తాలు గింజలు విత్తితే ఏడాదంతా ఏం తింటాము?"

చిన్నతాయి బుట్టలోకి చూసింది. అవ్వ ఏరిన గింజల్లో రెండు పుచ్చులు కనిపించాయి. మూడోది కూడా. అవ్వ బుట్టలో పుచ్చు గింజ ఉండటం ఆమె పుట్టి ఎరగదు.

"ఈ ఒక్క పూటే," అంది చిన్నతాయి.

"నా తల్లే. ఒక్క పూటే."

చిన్నతాయి సీసాను గూట్లో పెట్టేసింది. సున్నం గిన్నెలో వేలు ముంచి గోడ మీద బొట్టు పెట్టింది. అది మిగతా బొట్ల లాగే గుండ్రంగా, తెల్లగా ఉంది. చూసిన వాళ్ళెవరికీ తేడా తెలియదు.

తొందరగా కూడు తిని బడికి పోతే గంట కొట్టేదాకా పూంగొడితో గచ్చకాయలు ఆడుకునే సమయం దొరికింది. ఐదు కాయలూ ఒకేసారి అరచేతి వెనక నిలిచాయి. అలా ఎప్పుడూ నిలవలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అవ్వ మొహం వెలిగిపోతోంది.

"ఏమే, నీ రవిక భుజం దగ్గర చినిగిందే. కనబడుతోంది నాకు. చూడు, బుట్టలో ఒక్క పుచ్చు లేదు."

చిన్నతాయి వెతికింది. నిజంగానే లేదు.

అప్పుడు ఆ పిల్లకు ఒక ఆలోచన వచ్చింది. చుక్క వేస్తే చూపు మసకబారుతోంది. వేయకపోతే బాగా కనిపిస్తోంది. అంటే అవ్వకు ఆ మందు పడటం లేదన్నమాట. డాక్టరుకు అవ్వ గింజల సంగతి ఏం తెలుసు? ఈ సంగతి తాను కనిపెట్టినందుకు చిన్నతాయికి కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

మరునాడు మధ్యాహ్నం కూడా చుక్క వేయలేదు. ఆ మరునాడు పొద్దున పూట కూడా మానేసింది. పొద్దుటి వెలుతురులోనే గింజలు బాగా తెలుస్తాయంది అవ్వ. అమ్మ ఇంట్లో ఉన్న సాయంత్రాలు మాత్రం చుక్క వేయక తప్పేది కాదు. అమ్మ రావడం ఆలస్యమైతే అదీ లేదు.

గోడ మీద మాత్రం వరసలు నిండుగా ఉన్నాయి. మూడు, మూడు, మూడు.

"ముత్యాల సరంలాగ పెట్టినావే," అని అమ్మ ఒకరోజు చిన్నతాయి నెత్తి నిమిరింది. చిన్నతాయి తల దించుకుని జడ చివర నమిలింది.

ఏడో రోజు సాయంత్రం. అమ్మ ఆముదం దీపం వెలిగించి గూట్లో పెట్టింది. గింజలన్నీ ఏరడం అయిపోయింది. అవ్వ స్తంభానికి ఆనుకుని కూర్చుని దీపం వైపు చూసింది.

"ఎంత అందంగా ఉండాదే," అంది. "దీపం చుట్టూ వానవిల్లు. ఎర్రగా, పచ్చగా. పెండ్లి పందిట్లో దీపంలాగ."

చిన్నతాయి చేతిలో పలక ఉంది. అది జారి నేల మీద పడి, మూలన చిన్న ముక్క విరిగింది.

దీపం చుట్టూ రంగుల వలయం కనిపించినా. డాక్టరు అన్న మాటను నాయన ఎన్నిసార్లు చెప్పాడో ఆమెకు తెలుసు.

"అవ్వా, తలనొప్పి ఉందా?"

"పొద్దున్నించి ఉండాది. పోతాదిలే."

పోలేదు. కాసేపట్లో అవ్వ నొసలు పట్టుకుని ముందుకు వంగిపోయింది. వాంతి చేసుకుంది. కన్ను మిరపపండులా ఎర్రబడింది. చిన్నతాయి పరుగున వెళ్ళి సీసా తెచ్చింది. ముగ్గు చుక్కలు కొలిచినట్టు పెట్టే ఆ చెయ్యి ఇప్పుడు నిలవలేదు. మొదటి చుక్క అవ్వ చెంప మీద పడింది. రెండోది చెవి పక్కన పడింది. మూడోది కంట్లో పడింది.

తెల్లవారుతూనే నాయన బండి కట్టాడు. "బిడ్డ రావాల," అంది అవ్వ. చిన్నతాయి చెయ్యి వదల్లేదు. అమ్మ సీసాను గుడ్డలో చుట్టి చిన్నతాయికిచ్చింది. "నువ్వు వేసే మందు. నువ్వే బద్రంగా పట్టుకో."

కోవిల్‌పట్టి స్టేషన్లో నలుగురూ రైలెక్కారు. రైలెక్కడం చిన్నతాయికి అదే మొదటిసారి. కిటికీ దగ్గర కూర్చోవాలని, తల బయటికి పెట్టి చెట్లను లెక్కపెట్టాలని ఏడాదిగా అనుకుంటోంది. కిటికీ దగ్గరే చోటు దొరికింది. కానీ ఆమె ఒక్క చెట్టును కూడా చూడలేదు. ఒడిలో ఉన్న సీసానే చూస్తోంది. రైలు కుదుపుకు లోపల మందు గలగలమంటోంది. ఎంత ఉందో ఆ చప్పుడుకే తెలిసిపోతుందేమో అని గట్టిగా పట్టుకుంది.

సాత్తూరులో నాయన కీరదోసకాయలు కొన్నాడు. ఒక ముక్క చిన్నతాయికిచ్చాడు. ఆమె దాన్ని సీసా పక్కనే ఒడిలో పెట్టుకుంది.

"విరుదుపట్టి ఇంకెంత దూరం?" అంది అవ్వ కళ్ళు మూసుకునే.

"ఇప్పుడు విరుదునగర్ అంటారమ్మా. పేరు మార్చి పదేండ్లు దాటింది."

"పేరేదైతేనేం. ఊరు సీక్రం వస్తే చాలు."

డాక్టరు రామచంద్రన్ అవ్వను కుర్చీలో కూర్చోబెట్టారు. కళ్ళు మూసుకోమన్నారు. రెండు చూపుడు వేళ్ళూ రెప్ప మీద ఆనించి, ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా నొక్కారు. మామిడికాయ పండిందో లేదో చూసినట్టు. ఆయన మొహం ముడుచుకుంది.

"రాయిలా ఉంది," అన్నారు తమిళంలో. "చుక్కలు సరిగ్గా వేస్తున్నారా?"

"వేస్తున్నాము సామీ," అంది అమ్మ. "ఒక్క పూట తప్పలేదు. దినమూ గోడ చూస్తా నేను."

"ఒక్కటీ తప్పలేదా?"

"తప్పలేదు సామీ. నా బిడ్డే వేస్తాది."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలారు. చిన్నతాయికి గోడ గడియారం చప్పుడు ఒక్కటే వినిపించింది.

"అన్ని పూటలా వేసినా ఒత్తిడి ఇంత పెరిగిందంటే, ఈ కంటికి ఈ మందు ఇక పనిచేయదనే అర్థం. రేపు పొద్దున కత్తి పెట్టాలి."

"కంట్లోనా?" అన్నాడు నాయన.

"కంట్లోనే. ఆమెకు ఉన్నది ఈ కన్ను ఒక్కటే. ఎర్రబడి వాచిన కంటికి కత్తి పెడితే ఏమీ కాదని నేను మాట ఇవ్వలేను. మందు పనిచేసి ఉంటే వేరే సంగతి."

అవ్వ చిన్నతాయి చేతిని నొక్కి పట్టుకుంది. చెప్పవద్దనా, లేక భయంతోనా? చిన్నతాయికి తెలియలేదు. అవ్వ చెయ్యి చల్లగా ఉంది.

తాను చెబితే అమ్మ ఏమంటుంది? నాయన ఏమంటాడు? చెప్పకపోతే రేపు పొద్దున ఆ కత్తి. పనిచేసే మందు ఒడిలో ఉండగానే కత్తి.

చిన్నతాయి గుడ్డ ముడి విప్పింది. సీసాను తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద, కిటికీ వెలుతురు పడేచోట పెట్టింది.

గోధుమరంగు గాజులో మందు మట్టం స్పష్టంగా కనిపించింది. సగానికి పైనే ఉంది.

డాక్టరు సీసా వైపు చూశారు. తర్వాత ఆ పిల్ల వైపు చూశారు.

"నేను వేయలేదు," అంది చిన్నతాయి. "మొదట ఎనిమిది దినాలు వేసినా. ఆ మీదట మద్యానం వేయలేదు. పొద్దున గూడా వేయలేదు. బొట్టు మాత్రం పెట్టినా."

"గోడ మీద..." అంది అమ్మ. "నేను దినమూ చూసినానే."

అమ్మ గొంతులో కోపం లేదు. ఏదో పోగొట్టుకున్నట్టుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది చిన్నతాయికి.

నాయన లేచి నిలబడ్డాడు. అప్పుడు అవ్వ నోరు విప్పింది.

"దాన్ని అనబోకు లక్ష్మణా. వద్దన్నది నేను. బొట్టు పెట్టమన్నది నేను. ముసలిదాన్ని, నాకు లేని బుద్ది దానికెట్ల వస్తాది?"

"ఎందుకు వద్దన్నారు?" అని అడిగారు డాక్టరు. ఆయన గొంతు పెరగలేదు.

అవ్వ గింజల సంగతి చెప్పింది. మంట, నొసటి బరువు, పట్టపగలు చీకటి, అన్నీ చెప్పింది.

"ఆ మందు కంటిపాపను చిన్నది చేస్తుంది. అందుకే మసక," అన్నారు డాక్టరు. ఆయన చిన్నతాయి వైపు తిరిగారు. "మీ చేనుకు నీళ్ళు పోయే మడవ ఉంటుందా?"

"ఉంటాది."

"మడవలో మట్టి అడ్డుపడితే?"

"చేనులో నీళ్ళు నిలిచిపోతాయి. పైరు కుళ్ళిపోతాది."

"ఈ చుక్క మడవ తెరిచే పార లాంటిది. మసక కనిపించినా నీళ్ళు పోతుంటాయి. మీరు మానేశాక వెలుతురు బాగుందనుకున్నారు. లోపల నీళ్ళు నిలుస్తూ వచ్చాయి. అది పైకి కనిపించదు." ఆయన లేచారు. "సరే. మందు ఓడిపోలేదు. మనం వేయలేదు, అంతే. సాయంత్రం దాకా చూద్దాం. ఇప్పటి నుంచి ప్రతి పది నిమిషాలకొక చుక్క. ఒత్తిడి దిగితే కత్తి అక్కర్లేదు. దిగకపోతే రేపు తప్పదు."

కాంపౌండరు కొత్త సీసా తెచ్చాడు. అవ్వ ముఖం పక్కకు తిప్పుకుంది.

"నా బిడ్డే వేయాల."

చిన్నతాయి వెనక్కి తగ్గింది. "నా చెయ్యి వణుకుతాది."

"వణికినా నీ చెయ్యే నాకు తెలిసింది," అంది అవ్వ.

డాక్టరు గోడ గడియారం చూపించారు. "గడియారం చూడటం వచ్చా?"

"వచ్చు."

"అయితే కూర్చో," అంటూ ఆయన ఒక పలక అందించారు. "చుక్క వేశాక ఈ పలక మీద గీత గీయి. వేశాకే, ముందు కాదు."

ఆ రోజు గడియారం ముళ్ళు ఎద్దుబండి కంటే నెమ్మదిగా నడిచాయి. చుక్క. కంటి మూల మీద వేలు ఆనించి అరవై దాకా లెక్క. గీత. మళ్ళీ ముల్లు కదిలేదాకా ఎదురుచూపు. ఐదో గీత దగ్గర చిన్నతాయి చెయ్యి వణకడం ఆగింది. పదకొండో గీత దగ్గర అవ్వ నొసలు పట్టుకుని మూలిగింది.

"నొప్పి పెరుగుతోందా అవ్వా?"

"అట్లే ఉండాది."

అమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. చిన్నతాయి వైపు చూడటం లేదు. నాయన బయట వేపచెట్టు కింద ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ నడుస్తున్నాడు.

పదహారో గీత దగ్గర అమ్మ లేచి వచ్చింది. చేతిలో అరిటాకు ముక్కలో ఒక ఇడ్లీ. చిన్నతాయి రెండు చేతులూ మందుతో ఉన్నాయి. అమ్మే తుంచి నోట్లో పెట్టింది.

"నమిలి మింగు," అంది. అంతే. వరండాలోకి వెళ్ళాక ఆమె అన్న మొదటి మాట అది.

ఇరవై ఏడో గీత దగ్గర అవ్వ, "ఏమే, ఇక్కడ ఎవరో కాఫీ కాస్తున్నారే," అంది.

చిన్నతాయి ముక్కు ఎగబీల్చింది. నిజమే. కాంపౌండరు గదిలోంచి వాసన వస్తోంది. పొద్దున్నుంచి నొప్పి తప్ప వేరేదేదీ తెలియని అవ్వకు కాఫీ వాసన తెలిసింది. ఆ పిల్లకు లేచి గెంతాలనిపించింది. గెంతలేదు. ముల్లు పదికి చేరింది. చుక్క వేసింది.

నాలుగు గంటలకు డాక్టరు మళ్ళీ వచ్చారు. రెప్ప మీద రెండు వేళ్ళూ ఆనించారు.

"మెత్తబడింది," అన్నారాయన.

నాయన రెండు చేతులూ జోడించాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు కొవ్వొత్తి వెలిగించి అవ్వ ముఖం ముందు అటూ ఇటూ కదిలించారు. ఎదురుగా ఉన్నప్పుడు అవ్వ చెప్పింది. ఎడమకు తీసుకెళ్ళినప్పుడూ చెప్పింది. కుడి పక్కకు జరిపినప్పుడు ఏమీ చెప్పలేదు. కొవ్వొత్తి అక్కడే ఉంది. చిన్నతాయికి కనిపిస్తోంది. అవ్వ మాత్రం ఎదురుగా శూన్యంలోకి చూస్తోంది.

"ఆ పక్క చూపు కొంత పోయింది," అన్నారు డాక్టరు. "అది తిరిగి రాదు. మిగిలినది ఉంది. కాపాడుకోవాలి."

చిన్నతాయి కళ్ళలో నీళ్ళు పొంగాయి. అవ్వ తడుముకుంటూ ఆమె చెవి పట్టుకుని మెల్లగా లాగింది.

"ఏడవబోకు. నా కుడి పక్క నువ్వు కూచో. ఆ పక్క గింజలు నువ్వే ఏరు."

"ఇంకొక్క మాట," అన్నారు డాక్టరు. "గింజలు ఏరాలని మొదటే నాకు చెప్పి ఉంటే వేళలు మార్చి ఉండేవాణ్ణి. పొద్దున చుక్క చీకటితో వేయండి. మీరు పనికి కూర్చునేసరికి మసక తగ్గుతుంది. మధ్యాహ్నం చుక్క వేసుకుని కాస్త పడుకోండి. ఇబ్బంది ఉంటే చెప్పాలి. నాకు మీ గోడ కనిపించదు గదా."

రెండు రోజులు అక్కడే ఉంచి పంపించారు. ఇంటికి రాగానే చిన్నతాయి తడిగుడ్డ తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. ఏది నిజం బొట్టో, ఏది కాదో ఆమెకు బాగా గుర్తుంది. ఒక్కొక్కటే తుడిచింది. తెల్లటి వరసల మధ్య మట్టిరంగు మచ్చలు తేలాయి.

అమ్మ వెనక నిలబడి చూసింది. "అంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టరాదా?"

"వద్దమ్మా. వేసినవి వేసినవే గదా. అవి ఉండనీ."

అమ్మ సున్నం గిన్నెలో ఎండిపోయిన సున్నం మీద కొన్ని నీళ్ళు పోసి, చిన్నతాయి పక్కన పెట్టి వెళ్ళింది.

ఆ మరుసటి నెల, ఐప్పసిలో, ఒక ఉదయం వాన మొదలైంది. మధ్యాహ్నానికి బడి ముందున్న వంక నిండుగా పారింది. ఎండకు నోళ్ళు తెరిచిన నల్లనేల నీళ్ళు తాగి జిగురైపోయింది. అడుగు వేస్తే మన్ను పాదాలకు దిమ్మలు దిమ్మలుగా అంటుకుంటుంది.

"ఎవరూ కదలకూడదు. వంక తగ్గాకే," అన్నారు పొన్నయ్య వాత్యారు, తలుపుకు అడ్డంగా నిలబడి.

"సారూ, మా అవ్వకు చుక్క," అంది చిన్నతాయి.

"తెలుసు తాయీ. అయినా వంకలోకి నిన్ను పంపలేను."

పూంగొడి గచ్చకాయలు తీసింది. చిన్నతాయి ఆడలేదు. కిటికీ పట్టుకుని వంకనే చూస్తూ నిలబడింది. నీళ్ళు తగ్గేసరికి సాయంత్రమైంది.

ఇంటికి చేరేసరికి ఒక్కొక్క కాలికి సోలెడు మట్టి. అవ్వ తిన్నె మీద ఒంటరిగా ఉంది. అమ్మా నాయనా చేలో పని ముగించి ఇంకా రాలేదు. చిన్నతాయి కాళ్ళూ చేతులూ కడుక్కుని గూట్లోంచి సీసా తీసింది.

"తల ఎత్తవ్వా."

చుక్క పడింది. కంటి మూల మీద వేలు ఆనించి లెక్కపెట్టింది.

"ఎంత వరకు వచ్చినావే? నిద్ర వస్తాది నాకు," అంది అవ్వ.

"నలభై ఒకటి. మాట్లాడిస్తే మొదటినుంచి లెక్కపెడతా."

అరవై అయింది. చిన్నతాయి సున్నంలో వేలు ముంచి సాయంత్రం చోట బొట్టు పెట్టింది. మధ్యాహ్నం చోటు ఖాళీగా ఉంది. ఆ మట్టిరంగు మచ్చల తర్వాత గోడ మీద పడిన మొదటి ఖాళీ అది.

అవ్వ తలను కొంచెం కుడికి తిప్పి గోడ వైపు చూసింది. పెదవుల చివర నవ్వు దాచుకుంది.

"మద్యలో ఒక బొట్టు పెట్టేయవే. వరస అందంగా ఉంటాది."

"నువ్వు నోరు మూసుకో అవ్వా," అంది చిన్నతాయి. అవ్వ పకపకా నవ్వింది.

అప్పుడే అమ్మ వచ్చింది. చీర మోకాళ్ళ దాకా బురద. అలవాటు ప్రకారం ముందు గోడ చూసింది. ఆమె నోరు తెరిచేలోపలే చిన్నతాయి చెప్పేసింది.

"మద్యానం వేయలేదమ్మా. వంక పొంగింది, రాలేకపోయినా. సాయంత్రం వేసినా."

అమ్మ ఆ ఖాళీ వైపు కాసేపు చూసింది. తర్వాత చిన్నతాయి కాళ్ళ వైపు చూసింది. ఎంత కడిగినా పోని నల్లమట్టి వేళ్ళ సందుల్లో ఉంది.

"వాన కాలమంతా ఇట్లే పొంగుతాది గదా," అంది అమ్మ. "ఏం చేద్దాం?"

"పక్కింటి వేలమ్మాళ్ అత్తకు నేర్పిస్తా. నేను రాలేని పూట ఆమె వేస్తాది. వేసి, బొట్టు గూడా ఆమే పెట్టాల. నేను పెట్టను."

అమ్మ తలూపింది. అప్పుడు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది.

చిన్నతాయి సీసా మూత గట్టిగా బిగించి గూట్లో పెట్టింది. సున్నం గిన్నె మీద చిప్ప మూసింది. పక్కింటి దడి దగ్గరికి వెళ్ళి కేక వేసింది.

"వేలమ్మాళ్ అత్తా, చేతులు కడుక్కుని ఒక్కసారి రావా? నీకొక పని నేర్పించాల."